రెండో సీటు పట్టీలు

2022 నవంబరు చివరి వారం. బస్తర్‌లో వరి కోతలు ముగింపుకొస్తున్నాయి. జగ్‌దల్‌పూర్‌లో మా ఇంటి వరండాలో ఒక పొడవాటి బల్ల ఉంది. దాని మీద భూతద్దం, మంచి లైటు, మెత్తటి కుంచెలు, కొన్ని పాత డయళ్లు ఎప్పుడూ ఉంటాయి. నేను వైమానిక దళంలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా పనిచేశాను. విమానం ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగంతో పోతోంది, ఇంజను ఎలా ఉంది అని పైలట్‌కు చెప్పే డయళ్లను చూసుకునేవాణ్ని ఆ పేరుతో పిలుస్తారు. బయటికొచ్చాక పాత విమానాలను బాగుచేసి ప్రదర్శనకు పెట్టే ఒక షెడ్డులో చాలా ఏళ్లు ఉన్నాను. ఇప్పుడు రిటైరయ్యాను గానీ, ఎక్కడెక్కడివాళ్లో ఫోనులో ఫోటోలు పంపి, ఇది ఏ విమానం లోపలిదో చెప్పమని అడుగుతూనే ఉంటారు.

రెక్కలు, తోక లేకుండా విమానాన్ని గుర్తుపట్టడం అంత వింతేమీ కాదు. ఎవరి వంటింట్లోకైనా వెళ్లి చూడండి. ఉప్పు డబ్బా ఎక్కడుంది, కత్తిపీట ఏ వైపుంది, ఏ అల్మారా తలుపు ఎక్కువ అరిగింది అని చూస్తే ఆ ఇల్లాలి చేతివాటం తెలిసిపోతుంది. కాక్‌పిట్, అంటే పైలట్ కూర్చునే చోటు, కూడా అంతే. ఏ దేశంవాళ్లు చేశారు, ఎన్ని ఇంజన్లు, ఏ పనికి చేశారు అన్నది ఆ పలకల మీద రాసే ఉంటుంది. చదవడం అలవాటు కావాలి, అంతే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, క్రిస్మస్ పాటల సాధనకు కూర్చోబోతుంటే, కొంటా ఆసుపత్రిలో పనిచేస్తూ, సెలవుకు ఇంటికొచ్చిన మా సంఘపు నర్సు నా దగ్గరికొచ్చింది.

"అంకుల్, మా దగ్గరికి కాలిపుండుకు కట్టు కట్టించుకోవడానికి ఒకాయన వస్తాడు. గొల్లపల్లి అవతల ఊరు. వాళ్లింట్లో విమానం ముక్క ఉందంట. మీ గురించి చెప్పాను. తెచ్చి చూపిస్తానంటున్నాడు, రమ్మనమంటారా?"

"పెళ్లి వంటపాత్ర మూతలు తెచ్చి కూడా విమానం ముక్కంటారమ్మా. సరే, రానియ్" అన్నాను.

రెండు రోజుల తర్వాత కారం ముత్తయ్య వచ్చాడు. యాభై దాటిన దోర్ల తెగ రైతు, ఎండిన కట్టెలాంటి గట్టి మనిషి. భుజం మీద గోనెసంచి. దాన్ని వరండాలో దించి, ముందు నవ్వాడు.

"బస్సుల కండక్టరు, బోరీ మే క్యా హై, సంచిల ఏముంది అన్నడు సారూ. హవాయి జహాజ్, ఇమానం అన్న. బస్సంత నవ్విండ్రు. టికెట్టు మాత్రం నాకొక్కనికే కొట్టిండు."

సంచిలోంచి తీసిన వస్తువు చూసి నేను నవ్వు ఆపేశాను. అది నిజంగానే ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్. డయళ్లు బిగించే అల్యూమినియం పలక. నల్లరంగు చాలావరకు రాలిపోయింది. ఒక మూల వంగింది. గుండ్రటి రంధ్రాలు చాలావరకు ఖాళీ. వెనక ఉక్కు గొట్టం ముక్క ఒకటి బ్రాకెట్టుకు అతుక్కుని ఉంది. రెండు డయళ్లు మాత్రం మిగిలాయి, వాటిలో ఒకదానికి అద్దం పగిలింది.

ముత్తయ్య ఆ పగిలిన డయలు మీద వేలు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"దయ్యం ఉందా సారూ దీంట్ల?"

"దయ్యం కాదు, రేడియం. చీకట్లో అంకెలు కనబడ్డానికి వెనకటి రోజుల్లో రేడియం కలిపిన రంగు పూసేవాళ్లు. ఆ రంగు పొడిగా రాలి నోట్లోకి పోతే మంచిది కాదు. దీన్ని ఇంట్లో ఎక్కడ పెట్టారు?"

"అటక మీద. చిన్నప్పుడు చీకట్ల మెరిసేదంట. మా అత్త చెప్తది, గాలి మనిషి కండ్లు అనేటోళ్లంట. ఇప్పుడు మెరుస్తలేదు. కండ్లు మూసుకున్నడు అంటది."

ఆయన అత్త మాట శాస్త్రానికి దగ్గరగానే ఉంది. రేడియం అలాగే ఉంటుంది గానీ, దానితో కలిపిన మెరిసే పదార్థం కొన్నేళ్లకు చచ్చిపోతుంది. ఇద్దరం చేతులు కడుక్కున్నాం. పగిలిన డయలుకు పాలిథిన్ చుట్టాను. అప్పుడు లైటు దగ్గరికి జరుపుకుని చూడటం మొదలుపెట్టాను.

బాగున్న డయలు మానిఫోల్డ్ ప్రెషర్ గేజ్. ఇంజనులోకి వెళ్లే గాలి ఒత్తిడిని చూపేది. జెట్ విమానానికి ఇది ఉండదు, కాబట్టి ఇది పంకాతో నడిచే పాత విమానం. ఇంగ్లండు తయారీ విమానాల్లో ఈ ఒత్తిడిని పౌన్లలో రాస్తారు, అమెరికా తయారీలో పాదరసపు అంగుళాల్లో. దీని మీద అంగుళాలున్నాయి. ముల్లు ఒకటే, కాబట్టి ఇంజను ఒకటే. అంకెలు యాభైతో ఆగిపోయాయి. పోరాడే విమానం ఇంజనుకు అది చాలదు. పైన తుపాకీ గురి చూసే అద్దం బిగించే చోటూ లేదు. ఇక ఆ వెనక ఉన్న ఉక్కు గొట్టం, రేకు కింద గొట్టాల చట్రం ఉండే విమానానిది, చూశాక నాకు అనుమానం మిగల్లేదు. కొత్త పైలట్లకు ఎగరడం నేర్పే హార్వర్డ్ విమానం అది. మా షెడ్డులో అలాంటిదాన్ని ఒకటి మేకు మేకుగా విప్పి మళ్లీ బిగించాం. దాని లోపలి వాసన కూడా నాకు తెలుసు.

హార్వర్డ్‌లో ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చుంటారు. ముందు శిష్యుడు, వెనక గురువు. ఇద్దరి ముందూ విడివిడిగా పలకలుంటాయి. ఇంజనుకు సంబంధించిన ఏర్పాట్లు వెనక పలకలో తక్కువ. రంధ్రాలు లెక్క చూసుకుని, తృప్తిగా తలెత్తాను.

"ఇది శిక్షణ విమానం ముత్తయ్యా. ఇద్దరు కూర్చునేది. నువ్వు తెచ్చింది వెనక సీటు పలక."

ముత్తయ్య తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇద్దరా?" అన్నాడు. "అయితే జోగయ్య మామ చెప్పిందే నిజమన్నట్టు" అని గోనెసంచి మడత పెట్టడం మొదలుపెట్టాడు.

విమానం పేరు కోసం వచ్చిన మనిషి కాదని అప్పుడు అర్థమైంది. "కూర్చో. అసలు సంగతి చెప్పు" అన్నాను.

ఆయన చెప్పింది ఇది. తెల్లదొరల పెద్ద యుద్ధం నడుస్తున్న కాలంలో వాళ్ల ఊరికి పడమటి అడవిలో ఒక విమానం కూలింది. ముత్తయ్య తాత కారం ఎంకయ్య మిగతావాళ్లకంటే ముందు అక్కడికి చేరాడు. అందులో ఒక మనిషి చనిపోయి ఉన్నాడు. ఎంకయ్య ఆ శవాన్ని మోసుకొచ్చి, తమ ఇంటి చచ్చినవాళ్లకు చేసినట్టే అన్నీ చేసి పూడ్చిపెట్టాడు. తమ పెద్దల పేర నిలబెట్టిన రాళ్ల పక్కనే అతని పేర ఒక రాయి నిలబెట్టాడు. పేరు తెలియదు గనక గాలి మనిషి రాయి అన్నారు. ఏటా కొత్తపంట తినే ముందు పెద్దలతో పాటు ఆ రాయికీ ఆకులో అన్నం పెడుతున్నారు.

విన్నంతసేపూ నాకు, తన కోసం తొలిపించుకున్న సమాధిని సిలువ మీద చనిపోయిన యేసు దేహానికి ఇచ్చేసిన ఆ ధనవంతుడే గుర్తొస్తున్నాడు. ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఆయన గురించి సంఘంలో మాట్లాడుకుంటాం. ఆయనైనా చనిపోయినది ఎవరో తెలిసి ఇచ్చాడు. ఎంకయ్యకు అదీ తెలియదు.

"ఇప్పుడేమైంది మరి?"

"సడక్ పెద్దగ చేస్తున్నరు సారూ. రాళ్లన్నీ దార్లకొచ్చినయ్. జనవరిల జరుపుకోండి, తర్వాత మిషన్ తెస్తం అన్నడు రోడ్డేసే ఠేకేదారు. ఊరోళ్లంత ఒప్పుకున్నరు. జోగయ్య మామ ఒక్కడు అడ్డం పడ్డడు. ఇమానంల ఇద్దరున్నరంట, మా తాత ఒకణ్ణి తెచ్చి ఇంకొకణ్ణి అడివిల ఒదిలేసిండంట. బతికున్నోణ్ణే ఒదిలేసిండు అంటడు. దిక్కులేని చావు ఒకటి ఊరి మీద ఉండంగ, వాని జోడుగాని రాయి మన పెద్దల వరసల ఎట్ల పెడ్తరు, ఆడనే ఉండనియ్, సడక్ కిందకి పోనియ్ అంటున్నడు."

"మరి మీ తాత ఏమనేవాడు?"

"ఒక్కడే అనేటోడు. సచ్చేదాక గదే మాట. మా అత్త లచ్చమ్మ ఆయన బిడ్డ. ఇప్పుడు ఎనభై దాటింది. మిగిలింది ఆమె ఒక్కతే. అన్నం సరిగ తింటలేదు సారూ. మా అయ్య అబద్ధమాడిండా, ఒక్కటి తెలుసుకొని రా అని పంపింది. ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె?"

"రెండు సీట్లుంటే ఇద్దరు మనుషులుండాలని లేదు" అన్నాను. "నేర్చుకున్నాక పైలట్ ముందు సీట్లో ఒక్కడే కూర్చుని తీసుకెళ్తాడు. ఈ పలక చూసి ఆ రోజు ఎందరున్నారో చెప్పలేను. ఇంకేమైనా మిగిలున్నాయా మీ ఇంట్లో?"

"సీటుంది. దాంట్ల మా అత్త ఇప్పపువ్వు పోస్తది. ఇంకేందో మూటగట్టి పొయ్యి మీది అటకకు కట్టింది. మమ్ములను ముట్టనియ్యదు."

"అయితే నేనే వస్తాను."

మా ఆవిడ వద్దనలేదు గానీ, మోకాలికి తైలం సీసా సంచిలో పెట్టి, "బండి వెనక కూర్చుంటే దిగేటప్పుడు మాత్రం ప్రార్థన చేసుకుని దిగండి" అంది.

పొద్దున్నే కొంటా బస్సెక్కాను. సుక్మా, దోర్నపాల్ దాటి కొంటా చేరేసరికి ముత్తయ్య మోటారుసైకిలుతో ఉన్నాడు. కొత్తగా వేస్తున్న ఎర్రమట్టి రోడ్డు మీద గొల్లపల్లి వైపు సాగాం. ఊరు రాకముందే బండి ఆపి, "గవే" అని చూపించాడు. రోడ్డు వారన టేకుచెట్ల నీడలో రాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. కొన్ని నడుమెత్తు, కొన్ని మోకాలెత్తు. వరస చివర ఒక రాయి మిగతావాటిలాగే ఉంది. చెప్పకపోతే అది పరాయివాడిదని ఎవరికీ తెలియదు. వాటి పక్కనే రోడ్డు కొలతకు కొట్టిన మేకులు, వాటికి కట్టిన ఎర్రగుడ్డలు.

లచ్చమ్మ వాకిట్లో ఎండకు కూర్చుని ఉంది. చిన్న మనిషి. చెవులకు బరువైన పోగులు. నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఈనేనా ఇమానాల సారు? నేనింకా టోపీ, మీసాలు ఉంటయనుకున్న. గడియారాలు బాగుచేసేటోని లెక్క ఉన్నవ్."

"మా నాన్న కొంటాలో గడియారాలే బాగుచేసేవాడమ్మా."

"అట్ల చెప్పు. మనోడివే" అంది. ఆ తర్వాత నా గురించి ముందే విన్నట్టుంది, "యేసు సామిని మొక్కేటోనివంట గద. మా ఇంట్ల టీ తాగుతవా, మీ దేవుడు కోప్పడ్తడా?"

"టీకి కోప్పడడు. చక్కెర ఎక్కువైతే మా డాక్టరు కోప్పడతాడు."

ఆమె పళ్లులేని నోటితో నవ్వింది. కానీ నేను అడగకముందే నవ్వు ఆపేసి, తనను తినేస్తున్న మాట బయటపెట్టింది.

"సారూ, జోగయ్య అన్నదానికి నేను ఏడుస్తలేను. ఆని తాత కూడ మా అయ్యను గట్లనే అనేటోడు. నేను కండ్లతోటి చూసినదానికి ఏడుస్తున్న. కొత్తల పండుగనాడు మా అయ్య ఆ రాయి కాడ ఒక ఆకు పెట్టేటోడు. అందరు పోయినంక, అడివి దిక్కు మొకం పెట్టి ఇంకో ఆకు పెట్టేటోడు. ఒక్కనికి రెండు ఆకులెందుకు అయ్యా అని అడిగిన. చెంప మీద ఒక్కటిచ్చిండు. అంతకు ముందు గాని, తర్వాత గాని నా మీద చెయ్యెత్తలే ఆయన. ఒక్కడే ఉంటె రెండో ఆకు ఎవనికి పెట్టిండు? చెప్పు."

ముత్తయ్య ఈ మాట మొదటిసారి వింటున్నాడని అతని ముఖం చూస్తే తెలిసింది. గుంజకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"ఆ మూట చూపిస్తారా?" అన్నాను.

ఆమె మేనల్లుడి వైపు తలూపింది. అతను లోపలికి వెళ్లి పొయ్యి మీది అటక నుంచి ఒక మూట తెచ్చాడు. పొగకు నల్లబడి, తారులా మెరుస్తోంది. అన్నేళ్ల పొగే దాన్ని చెదల నుంచి, చెమ్మ నుంచి కాపాడింది. ముడి విప్పి, నేల మీద పరిచిన గోనె మీద పెట్టాను. అవి పైలట్‌ను సీటుకు కట్టే పట్టీలు.

చదివేవాళ్లకు ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆ కాలపు విమానాల్లో కారు బెల్టులాంటిది ఉండదు. సటన్ హార్నెస్ అని నాలుగు వెడల్పాటి పట్టీలు ఉండేవి. రెండు భుజాల మీదుగా, రెండు తొడల మీదుగా వచ్చి పొట్ట దగ్గర కలుస్తాయి. పట్టీల పొడవునా ఇత్తడి రింగులు వేసిన రంధ్రాలుంటాయి. మనిషి లావును బట్టి సరిపోయే రంధ్రాలు ఎంచుకుని, నాలుగింటిలోంచి ఒక మేకు దూర్చి, ఆ మేకుకు ఒక స్ప్రింగు క్లిప్పు పెడతారు. క్లిప్పు లాగితే నాలుగూ ఒక్కసారే విడిపోతాయి. మనిషి లేవొచ్చు, దూకొచ్చు. లాగకుండా మాత్రం ఎవరూ బయటికి రాలేరు.

నా ముందున్న పట్టీలు విడిపోలేదు. మేకు నాలుగింటిలోనూ దూరి ఉంది. క్లిప్పు దాని చోట అది ఉంది. పట్టీల అవతలి కొసలు మాత్రం కత్తితో తెగ్గోసి ఉన్నాయి.

"ఇవి మీ అయ్య కోసుకొచ్చాడా?"

"ఆఁ. విప్పుడు తెల్వక కోసిండంట. ఎద్దుకు పలుపు అయితది అని తెచ్చిండంట. కని ఒక్కనాడు కూడ ఎద్దుకు కట్టలే. అటక మీద పడేసి, ముట్టకుండ్రి అన్నడు."

"చనిపోయినాయనకు కట్టి ఉన్నవా ఇవి?"

"కాదు కాదు. ఆయనకున్నయి ఆయనతోనే పోయినయ్. ఇవి ఎనక సీటువి. ఇప్పపూల సీటు."

ముత్తయ్య లేచి ఆ సీటు తెచ్చాడు. అల్యూమినియం తొట్టిలాంటి సీటు, అడుగున ఇంకా ఎండిన ఇప్పపూలు. కోసిన పట్టీ ముక్కల్లో ఒకటి దాని బ్రాకెట్టుకు వేలాడుతోంది. గోనె మీదున్న పట్టీ కొసను దానికి ఆనించాను. కత్తిగాటు ఒకదానికొకటి సరిపోయింది.

అప్పుడు భూతద్దం పెట్టి, మేకు ఏ రంధ్రాల్లో దూరి ఉందో చూశాను. అన్ని పట్టీలకూ అన్నిటికన్నా లోపలి, అంటే సీటుకు దగ్గరి రంధ్రం. అంత బిగిస్తే ఆ పట్టీల కింద పసిపిల్ల కూడా పట్టదు. సీటుకు అతుక్కుపోయి ఉంటాయి.

నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఒక ముసలి సార్జెంటు మాకు ఇదే నేర్పాడు. ఇద్దరు కూర్చునే విమానంలో ఒక్కడే వెళ్తుంటే, నేల మీది మనుషులు ఖాళీ సీటు పట్టీలను కలిపి, చివరంటా లాగి, మేకు పెట్టి తీరాలి. వదులుగా వదిలేస్తే విమానం ఒరిగినప్పుడు పట్టీ ఎగిరి, విమానాన్ని తిప్పే కర్రకు చుట్టుకుంటుంది. ముందున్నవాడి ప్రాణం పోతుంది. "మనిషి ఉన్న సీటు కంటే లేని సీటును జాగ్రత్తగా కట్టండి" అని అరిచేవాడాయన. ఎక్కడో ఒక మైదానంలో, పేరు తెలియని ఒక మనిషి ఆ ఉదయం తన పని శ్రద్ధగా చేశాడు. దాని సాక్ష్యం ఇప్పుడు ఈ వాకిట్లో గోనె మీద ఉంది.

చెప్పబోతుండగా గోడ పక్కన దగ్గు వినిపించింది. సోడి జోగయ్య వచ్చి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్లుంటాయి, ఊరి పెద్ద. చేతిలో ఊతకర్రలా ఒక ఇనుప గొట్టం.

"ఏంది లచ్చక్కా, పట్నం నుంచి వకీలును పిలిపిచ్చినవంట?"

"వకీలు గాదు, గడియారాలోళ్ల పిలగాడు. కూసో. కూసొని నోరు మూసుకో."

జోగయ్య కూర్చున్నాడు, మొదటిది మాత్రమే పాటించాడు. "సారూ, రెండు సీట్లుండెనా లేదా? ఒక్క ముక్కల చెప్పుండ్రి."

"ఉండెను."

"ఇంగో! ఇన్నవా అక్కా?"

నా కళ్లు అతని చేతిలోని గొట్టం మీదున్నాయి. పైన పిడి, కింద నున్నటి కొస. "అది ఎక్కడిది పెద్దాయనా?" అన్నాను.

"ఇదా? ఇదీ ఆ ఇమానందే. మా తాత తెచ్చిండు. ఎంకయ్య ఒక్కడే పోయిండనుకున్నరా? తెల్లారి మా తాతా పోయిండు. ఎనక సీటు పక్కపొంటి గోడకు కొక్కెంల ఇరికిచ్చి ఉండెనంట. ఇట్ల ఊడబీకిండు." చేత్తో లాగి చూపించాడు కూడా.

"సీటు ముందు అడుగున బిగించి లేదా? మీ తాత విరగ్గొట్టాడా?"

"విరగ్గొడితే గింత సక్కగ ఉంటదా? గోడకుండె అంటున్న గద."

అది కంట్రోల్ కాలమ్. విమానాన్ని తిప్పే కర్ర. హార్వర్డ్‌లో వెనక సీటు కర్రను ఊడదీసి పక్క గోడకు ఉన్న క్లిప్పులో పెట్టొచ్చు. వెనక పైలట్ లేనప్పుడే అలా చేస్తారు. కూలినప్పుడు అది అడుగున బిగించి ఉంటే ఒంగిపోవాల్సింది. ఇది బాణంలా ఉంది. ఎంకయ్యను తిట్టిన ఇంట్లోనే, ఇన్నాళ్లుగా, ఎంకయ్య మాటకు రెండో సాక్షి ఊతకర్రగా నడుస్తోంది. రెండు ఇళ్లవాళ్లూ ఒకరికొకరు చూపించుకోలేదు, అంతే.

జోగయ్య చేతిలోంచి గొట్టం అడిగి తీసుకున్నాను. ముత్తయ్యను ఆ సీట్లో కూర్చోమని, నా సంచి పట్టీలతో అతన్ని సీటుకు కట్టి చూపించాను. మనిషి ఉంటే పట్టీలు ఎక్కడికొస్తాయి, లేకపోతే ఎక్కడికొస్తాయి. ముడి విప్పకుండా లేవమన్నాను. లేవలేకపోయాడు. "మామా, నువ్వు లాగు" అన్నాడు. జోగయ్య చంకల కింద చేతులు వేసి లాగాడు. ఇద్దరూ సీటుతో సహా పక్కకు పడ్డారు. లచ్చమ్మ పకపకా నవ్వింది.

"చూశారుగా" అన్నాను. "ఆ సీట్లో మనిషి ఉండి, బతికి బయటికి పోయుంటే ఈ పట్టీలు విడిపోయి ఉండాలి. చనిపోయి ఉంటే పట్టీల్లోనే ఉండాలి. పట్టీలు చివరంటా కట్టి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. పెద్దాయన తెచ్చిన కర్ర కూడా వాడకుండా గోడకు పెట్టి ఉంది. ఆ సీటు ఖాళీగానే ఎగిరింది. ఎంకయ్య చెప్పింది నిజం. ఒక్కడే."

"పక్కానా?" అన్నాడు జోగయ్య.

"పక్కా. నా చేతుల్తో ఎన్నో ఖాళీ సీట్లు ఇలాగే కట్టాను."

ఆయన తన గొట్టాన్ని నా దగ్గర్నుంచి తీసుకుని తిప్పి తిప్పి చూసుకున్నాడు. లచ్చమ్మ మాత్రం నవ్వలేదు, సంతోషపడలేదు. పట్టీల మీద చెయ్యి పెట్టి కూర్చుంది. నెమ్మదిగా అంది:

"మరి రెండో ఆకు?"

అప్పుడే నాకు విషయం మొత్తం కనబడింది. "అమ్మా, మీ అయ్యకు ఈ పట్టీల సంగతి తెలియదు. వెనక సీటు చూశాడు. పట్టీలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, లోపల మనిషి లేడు. ఏమనుకుని ఉంటాడు?"

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "కట్టు ఇప్పకుండనే మాయమైండు అనుకున్నడు."

"తర్వాత అడవిలో వెతికాడా?"

"వెతికిండా? వానల దాక వెతికిండు. పొద్దున పోయేది, పొద్దుగూకినంక వచ్చేది. మా అమ్మ తిట్టేది, పొలం ఒదిలిపెట్టి ఏం ఎతుకుతున్నవ్ అని. పుట్టతేనె కోసం అనేటోడు. ఒక్కనాడు తేనె తేలే." ఆమె పట్టీని దగ్గరికి లాక్కుంది. "దొరికినోడు ఒక్కడే గనక ఒక్కడే అన్నడు. దొరకనోనికి ఆకు పెట్టిండు. లేని మనిషి కోసం అన్ని దినాలు అడివి తిరిగిండా మా అయ్య? లేని మనిషికి అన్నం పెట్టిండా?"

జోగయ్య లేచి, ఆ కర్రను తెచ్చి పట్టీల పక్కన, ఆ గోనె మీద పెట్టాడు. "ఇది కూడ ఈడనే ఉండనియ్ అక్కా" అన్నాడు. "జనవరిల రాయి మోసేటప్పుడు ఒక కొస నేను పడ్త." ఊతకర్ర లేకుండా, గోడ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఊరివాళ్ల ఒప్పుదలతో ఫోటోలు తీసుకున్నాను. ఇలాంటి పాత విమానాల లెక్కలు చూసేవారికి రాశాను. ఆ పైలట్‌కు ఒక పేరు, ఎక్కడో ఒక ఇల్లు ఉండే ఉంటాయి. ఇంతవరకు తెలియలేదు. పగిలిన డయలును మాత్రం అటక ఎక్కనివ్వకుండా, దాని సంగతి తెలిసినవారికి చేర్చాను.

జనవరిలో రాళ్లు జరిపే రోజు నన్నూ పిలిచారు. నా విశ్వాసంలో చనిపోయినవారికి అన్నం పెట్టే ఆచారం లేదు. ఆ సంగతి నేను దాచలేదు, వాళ్లూ నన్ను బలవంతం చేయలేదు. ఒక పక్కన నిలబడి, ఆ పేరు తెలియని పైలట్‌ను ఎరిగిన దేవునికి నా పద్ధతిలో ప్రార్థన చేసుకున్నాను. గాలి మనిషి రాయిని పెద్దల వరసలోనే, రోడ్డుకు దూరంగా కొత్త చోట నిలబెట్టారు. ఒక కొస జోగయ్య పట్టాడు, పట్టినంతసేపూ మిగతావాళ్లను తిడుతూనే ఉన్నాడు.

ఈ పనిలో ఇన్నేళ్లూ డయళ్లు, స్విచ్చులు, రంధ్రాలు చూసి విమానాల పేర్లు చెప్పాను. యేసు సమాధిలోకి తొంగిచూసిన శిష్యుడికి లోపల మనిషి కాదు, విడిచిన నారబట్టలే కనబడ్డాయని, అవి చూసే ఆయన లేచాడని అతను నమ్మాడని చిన్నప్పటి నుంచి ఈస్టరు ఉదయాల్లో వింటూ వచ్చాను. ఒక చోట ఎవరు లేరన్నది కూడా చదవగలిగే సంగతేనని, అది ఉన్నవాళ్లకు ఎంత అవసరమో నాకు నేర్పింది మాత్రం పొగచూరిన ఆ పట్టీలే. అప్పటి నుంచి ఎవరైనా కాక్‌పిట్ ఫోటో పంపి ఇది ఏ విమానం అని అడిగితే, పేరు చెప్పే ముందు, మీకు ఏం తెలియాలి అని అడుగుతున్నాను.

ఆ రోజు అందరూ వెళ్లిపోతుండగా లచ్చమ్మ రాయి ముందు ఒక ఆకు వేసి అన్నం పెట్టింది. తర్వాత అడవి వైపు తిరిగి ఇంకో ఆకు పరిచింది.

"ఒక్కడే అని తేలింది గద అత్తా. మళ్ల రెండోది ఎవరికి?" అన్నాడు ముత్తయ్య.

"మా అయ్యకు" అంది ఆమె, అన్నం వడ్డిస్తూ. "ఎతికింది చాలు, ఇగ వచ్చి కూసొని తినమను."